మీ బిడ్డ ఎదుగుదలను ఏ కొలబద్దతో కొలవాలి?

పిల్లల డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు ఇలాంటి మాట మీలో చాలామంది వినే ఉంటారు. "ఏమ్మా, మీ పాపకు ఎన్నో నెల? ఇంకా నడవడం లేదా? మా మనవడు పదో నెలకే అడుగులేశాడు." అడిగిన పెద్దావిడ మనసులో చెడు ఏమీ ఉండదు. కాని ఆ మాట విన్న తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

మరో ఇంట్లో దీనికి ఎదురుగా జరుగుతుంది. రెండేళ్ళు దాటినా బాబు ఒక్క మాట పలకడు. "వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళకు గాని మాట్లాడలేదు. అదే వస్తుందిలే" అని పెద్దలు ధైర్యం చెబుతారు. ఒక ఏడాది గడిచిపోతుంది. అప్పుడు పరీక్ష చేయిస్తే బిడ్డకు చెవులు సరిగా వినపడడం లేదని తేలుతుంది.

మొదటి ఇంట్లో అక్కర లేని భయం, రెండవ ఇంట్లో అక్కర లేని ధైర్యం. రెండింటి వల్లా బిడ్డకే నష్టం. బిడ్డను దేనితో పోల్చి చూడాలో తెలియకపోవడమే ఈ రెండు పొరపాట్లకూ మూలం. వివిధ దేశాల్లో చిన్నపిల్లల ఎదుగుదలను ఎలా కొలుస్తున్నారో, అందులో మన ఇంటికి పనికివచ్చేది ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన పాత పట్టిక

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు చేసి ఇరుగుపొరుగుకు పంచడం తెలుగు ఇళ్ళలో చాలాచోట్ల ఉన్న అలవాటు. చూడటానికి ఇది వేడుకే గాని, ఒక రకంగా ఎదుగుదల పట్టిక కూడా. ఏది ముందు వస్తుందో, ఏది తరువాత వస్తుందో అది చెబుతుంది. ఏ నెలలో రావాలో మాత్రం చెప్పదు. పదో నెలలో వండినా, పదిహేనో నెలలో వండినా అరిసెలు అరిసెలే.

డాక్టర్లు వాడే పట్టికల్లో నెలలు కూడా ఉంటాయి. వాటిలో సాధారణంగా నాలుగు విషయాలు చూస్తారు. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం వంటి పెద్ద కదలికలు. వస్తువులను పట్టుకోవడం, వేళ్ళతో ఏరడం వంటి చేతి పనులు. వినడం, మాట్లాడటం. నవ్వడం, మనుషులను గుర్తుపట్టడం, తనంత తాను తినడం వంటి నలుగురితో మెలిగే పనులు. వీటితో పాటు చూపును, వినికిడిని కూడా గమనిస్తారు.

కొలబద్ద ఎక్కడ తయారైంది?

అమెరికాలోని డెన్వర్ నగరంలో 1967లో ఒక పరీక్షను తయారు చేశారు. దాని పేరు డెన్వర్ పరీక్ష. ఆ నగరంలోని సుమారు వెయ్యి మంది పిల్లలను చూసి, ఏ పని ఏ వయసులో చేస్తున్నారో లెక్కగట్టారు. ఎర్ర ఉన్ని బంతి, గిలక్కాయ, ఎండుద్రాక్ష, చిన్న చెక్క ఘనాలు, గంట, పెన్సిలు వంటి మామూలు వస్తువులు చాలు కాబట్టి ఆ పరీక్ష ఎన్నో దేశాలకు పాకింది. ఎదుగుదలలో లోపాన్ని ముందుగా పట్టుకోవడానికి అది ఎంతో మేలు చేసింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. తరువాత సవరించిన డెన్వర్ పరీక్షలో "గిన్నెలో అల్పాహారపు గింజలు వేసుకుని పాలు కలుపుకుంటాడా?" అనే ప్రశ్న ఉంది. "బల్ల మీద ఆడే ఆటలు, పేకముక్కల ఆటలు ఆడతాడా?" అనే ప్రశ్న కూడా ఉంది. పొద్దున్నే అమ్మ చేతి ఇడ్లీ తినే బిడ్డ ఆ గిన్నెను ఎప్పుడూ చూసి ఉండడు. అతనికి ఆ ప్రశ్నలో మార్కు పోతే, అది బిడ్డ తెలివికి పోయిన మార్కా? ప్రశ్నకు పోయిన మార్కా?

మన దేశంలోని నిపుణులు ఈ చిక్కును ముందే గుర్తించారు. బరోడాలో డాక్టర్ ప్రమీలా ఫాటక్ భారతీయ శిశువులను పరీక్షించి, మన పిల్లలు ఏ పని ఏ వయసులో చేస్తారో లెక్కలు తీశారు. ఆ లెక్కల ఆధారంగా తిరువనంతపురంలోని శిశు వికాస కేంద్రంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్, ఆయన తోటివారు 1991లో ఒక చిన్న పట్టికను వెలువరించారు. దీన్నే ట్రివేండ్రం పట్టిక అంటారు. ఇందులో ఉన్నవి 17 అంశాలే. పుట్టినప్పటి నుండి రెండేళ్ళ వరకు పనికివస్తుంది.

దీన్ని వాడే తీరు చాలా సులువు. ప్రతి అంశానికి ఒక అడ్డగీత ఉంటుంది. నూటికి ముగ్గురు పిల్లలు ఆ పని నేర్చిన వయసు దగ్గర గీత మొదలవుతుంది, 97 మంది నేర్చిన వయసు దగ్గర ముగుస్తుంది. మీ బిడ్డ వయసు దగ్గర ఒక పెన్సిలును నిలువుగా పెడతారు. పెన్సిలుకు ఎడమ పక్కనే ముగిసిపోయిన గీతల్లోని పనులన్నీ బిడ్డ చేస్తూ ఉండాలి. ఏదైనా చేయకపోతే ఇంకా వివరంగా పరీక్షించాలని అర్థం. పెన్సిలు ఒక గీత మధ్యలో పడిందంటే ఆ పనికి ఇంకా సమయం ఉందన్నమాట.

ఈ పట్టికలోనూ మెట్లు ఎక్కడం, బొమ్మ శరీర భాగాలను చూపించడం వంటి అంశాలు ఉన్నాయి. మెట్లు లేని ఇంట్లో, బొమ్మ లేని ఇంట్లో పెరిగే బిడ్డలు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. అందుకే అనుభవం ఉన్న వైద్యులు "చేస్తాడా?" అని అడిగి ఊరుకోరు. "చేసే అవకాశం వాడికి ఎప్పుడైనా దొరికిందా?" అని కూడా అడుగుతారు.

ఆఫ్రికా ఖండంలోని మలావీ దేశంలో మరో మెట్టు ముందుకు వెళ్ళారు. పాశ్చాత్య దేశాల ప్రశ్నలు అక్కడి పల్లె పిల్లలకు, ముఖ్యంగా నలుగురితో మెలిగే విషయాల్లో, సరిగా అతకడం లేదని గమనించి తమకు తగిన పరీక్షను తయారు చేసుకున్నారు. 1,400 మందికి పైగా పిల్లలను చూసి రూపొందించిన ఆ పరీక్ష 136 అంశాలతో 2010లో వెలువడింది.

పెంపకం మారితే వరస మారుతుంది

కెన్యా దేశంలో కిప్సిగిస్ అనే తెగ ఉంది. ఆ తల్లులు బిడ్డకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. నేలలో చిన్న గుంట తీసి, చుట్టూ బట్టలు దోపి, అందులో బిడ్డను కూర్చోబెట్టడం వారి పద్ధతి. ఛార్లెస్ సూపర్ అనే పరిశోధకుడు 1976లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ పిల్లలు అమెరికా పిల్లల కంటే ఇంచుమించు నెల ముందే కూర్చున్నారు, నడిచారు. కాని తల్లులు నేర్పని పనుల్లో, ఉదాహరణకు దోగాడటంలో, వారికి అలాంటి ముందంజ లేదు. నేర్పిన పని ముందు వచ్చిందన్నమాట.

అమెరికాలోనే మరో ఉదాహరణ ఉంది. నిద్రలో శిశువులు హఠాత్తుగా చనిపోవడాన్ని తగ్గించేందుకు, పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టాలని 1994లో అక్కడ పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. అది ఎందరో పిల్లల ప్రాణాలు కాపాడింది. ఆ తరువాత చూస్తే, వెల్లకిలా పడుకునే పిల్లలు పాకడం, దోగాడటం కాస్త ఆలస్యంగా నేర్చుకున్నారు. నడక మాత్రం అందరికీ ఒకే వయసులో వచ్చింది. కాబట్టి మీరు కూడా బిడ్డను వెల్లకిలానే నిద్రపుచ్చండి. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళ ముందు, రోజూ కాసేపు బోర్లా వేసి ఆడించండి.

మన ఇళ్ళలోనూ ఇలాంటివి చూడవచ్చు. నాలుగేళ్ళు వచ్చినా అన్నం కలిపి ముద్దలు పెట్టడం మనకు ప్రేమకు గుర్తు. ఆ బిడ్డ "తనంత తాను తింటాడా?" అనే ప్రశ్నకు లేదనే చెప్పాలి. ఎప్పుడూ చంకనో ఒళ్ళోనో ఉండే బిడ్డకు నేల మీద దోగాడే వీలు తక్కువ.

ప్రపంచానికంతటికీ ఒక పట్టిక

ఇలా తేడాలుంటే, అన్ని దేశాల పిల్లలకు కలిపి ఒకే పట్టిక సాధ్యమేనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుండి 2003 వరకు ఒక పెద్ద అధ్యయనం చేయించింది. అందులో భాగంగా ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది పిల్లల కదలికలను, శిక్షణ పొందినవారు ఇళ్ళకు వెళ్ళి మళ్ళీమళ్ళీ పరీక్షించారు. మన దేశం తరఫున దక్షిణ ఢిల్లీ పిల్లలు ఇందులో ఉన్నారు. అందరూ తల్లిపాలు తాగి, మంచి పోషణ, ఆరోగ్యకరమైన వాతావరణం ఉన్న పిల్లలే. 2006లో వెలువడిన ఫలితాలు ఇవి:

ఆసరా లేకుండా కూర్చోవడం: 3.8 నుండి 9.2 నెలల మధ్య
పట్టుకుని నిలబడటం: 4.8 నుండి 11.4 నెలల మధ్య
చేతులు, మోకాళ్ళ మీద దోగాడటం: 5.2 నుండి 13.5 నెలల మధ్య
పట్టుకుని నడవడం: 5.9 నుండి 13.7 నెలల మధ్య
ఒంటరిగా నిలబడటం: 6.9 నుండి 16.9 నెలల మధ్య
ఒంటరిగా నడవడం: 8.2 నుండి 17.6 నెలల మధ్య

ఈ అంకెలను ఒకసారి నిదానంగా చూడండి. ఎనిమిదో నెల దాటగానే నడిచిన బిడ్డా ఆరోగ్యవంతుడే, పదిహేడో నెలలో నడిచిన బిడ్డా ఆరోగ్యవంతుడే. దేశానికీ దేశానికీ మధ్య కనిపించిన తేడా కొద్దిదే. ఒక్కో పనికి ఉన్న ఈ వెడల్పు మాత్రం నెలల కొద్దీ ఉంది. నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడకుండానే నడక నేర్చుకున్నారు. బెంచీ మీద పెద్దావిడ మాటకు నిద్ర పట్టని తల్లి, పన్నెండు నెలల పాపతో ఉన్నట్లయితే, ఈ పట్టిక చూసి హాయిగా నిద్రపోవచ్చు.

ఫోనులో దొరికే పట్టికలను చూసి కంగారు పడేవారికి ఇంకో మాట. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన పట్టికను మార్చింది. అంతకుముందు సగం మంది పిల్లలు చేసే వయసును రాసేవారు. అంటే మిగతా సగం మంది తల్లిదండ్రులకు అనుమానం మిగిలేది. ఇప్పుడు నూటికి 75 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది చేసే వయసును రాస్తున్నారు. దోగాడటాన్ని ఆ పట్టిక నుండి తీసివేశారు. కాబట్టి మీరు చూసే పట్టిక ఎవరిది, ఏ సంవత్సరానిది అన్నది కూడా చూసుకోండి.

మాటలను లెక్కపెట్టేటప్పుడు

ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, టీవీలో హిందీ వినే పిల్లలు హైదరాబాదులో చాలామంది. విదేశాల్లో ఉన్న మన కూతుళ్ళ, కోడళ్ళ పిల్లలకైతే ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు. అలాంటి బిడ్డను ఒక్క ఇంగ్లీషులోనే పరీక్షించి "మాటలు తక్కువ" అంటే అది సరైన లెక్క కాదు. బిడ్డకు వచ్చిన అన్ని భాషల మాటలనూ కలిపి లెక్కపెట్టాలి. అమ్మమ్మ, నాయనమ్మ, అత్త, పిన్ని, మామ, బాబాయి అని మన బిడ్డ పలికే ప్రతి పిలుపూ ఒక మాటే.

రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యమవుతుందనే భయం మనలో ఉంది. అది నిజం కాదు. అలాగే, మాట ఆలస్యమైతే "రెండు భాషల వల్లే" అని సరిపెట్టుకోవడం కూడా తప్పే. అన్ని భాషల్లో కలిపినా మాటలు లేకపోతే వినికిడి పరీక్ష చేయించాలి.

కుండ సంగతి వేరు, మెతుకు సంగతి వేరు

"మన దేశంలో ఇంత శాతం మంది పిల్లలు వెనుకబడి ఉన్నారు" అనే వార్తలు పేపర్లో వస్తుంటాయి. ఆ లెక్కలకు వేరే కొలతలు ఉన్నాయి. యునిసెఫ్ 2020లో విడుదల చేసిన ప్రశ్నావళిలో రెండేళ్ళ నుండి ఐదేళ్ళ లోపు పిల్లల తల్లులను 20 ప్రశ్నలు అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మూడేళ్ళ లోపు పిల్లల కోసం మరో కొలతను విడుదల చేసింది. దాన్ని మొదట బంగ్లాదేశ్, పాకిస్తాన్, టాంజానియా దేశాల పిల్లలతో సరిచూశారు. ఎత్తును సెంటీమీటర్లలో చెప్పినట్టే, ఏ దేశపు పిల్లల ఎదుగుదలనైనా ఒకే అంకెలో చెప్పగలగాలన్నది దాని ఉద్దేశం.

ఈ కొలతలు ప్రభుత్వాలకు అవసరం. ఎక్కడ పోషణ తక్కువగా ఉంది, ఎక్కడ అంగన్‌వాడీలు కావాలి అని వీటితో తెలుస్తుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి మనం ఒక మెతుకు పట్టి చూస్తాం. మెతుకును బట్టి కుండ సంగతి తెలుస్తుంది. కాని మొత్తం కుండను చూసి ఫలానా మెతుకు ఎలా ఉందో చెప్పలేం. అలాగే దేశం లెక్కను బట్టి మీ బిడ్డ ఎలా ఉన్నాడో చెప్పలేం. దానికి మీ బిడ్డనే చూడాలి.

ఏ దేశంలోనైనా ఆగకూడని చోట్లు

ఇంతవరకు చెప్పింది భయం తగ్గించడానికి. ఇప్పుడు చెప్పేది ఆలస్యం తగ్గించడానికి. పెంపకం, భాష, ఆచారం ఏదైనా సరే, ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా "అదే వస్తుందిలే" అని ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి.

1. మూడు నెలలు నిండినా మీ ముఖం చూసి నవ్వకపోవడం, కదిలే వస్తువు వెంట చూపు తిప్పకపోవడం.
2. ఏ వయసులోనైనా పెద్ద శబ్దానికి ఉలిక్కిపడకపోవడం, పిలుపుకు తిరగకపోవడం.
3. ఐదు నెలలు నిండినా మెడ నిలవకపోవడం.
4. పది నెలలకు కూడా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం.
5. ఏడాది నిండినా "బాబాబా, దాదాదా" వంటి శబ్దాలు చేయకపోవడం, పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం.
6. ఏడాదిలోపే ఎప్పుడూ ఒక్క చేతినే వాడటం, రెండో చేయి బిగుసుకుని ఉండటం.
7. పద్దెనిమిది నెలలకు నడవకపోవడం, అర్థమున్న ఒక్క మాటైనా పలకకపోవడం, కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం.
8. రెండేళ్ళు నిండినా "అమ్మా రా", "పాలు కావాలి" వంటి రెండు మాటలు కలపలేకపోవడం.
9. ఏ వయసులోనైనా, వచ్చిన పని లేదా వచ్చిన మాట పోవడం. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒక్క రోజు కూడా ఆగకండి.

వీటిలో ఒకటి కనబడిందంటే బిడ్డకు తప్పక జబ్బు ఉందని కాదు. పరీక్ష అవసరమని మాత్రమే. వినికిడి లోపం, చూపు లోపం, థైరాయిడ్ లోపం, రక్తహీనత వంటివి త్వరగా తెలిస్తే చేయగలిగింది ఎంతో ఉంది. మెదడు వేగంగా పెరిగేది ఈ మొదటి సంవత్సరాల్లోనే. రెండవ ఇంట్లోని బాబుకు ఏడాది ముందే పరీక్ష జరిగి ఉంటే, వినికిడి యంత్రమూ మాటల శిక్షణా ఏడాది ముందే అందేవి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు

బిడ్డ నెలలు నిండక ముందే పుట్టి ఉంటే తప్పక చెప్పండి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఇప్పుడు ఎనిమిది నెలలైతే, ఎదుగుదల లెక్కలో ఆరు నెలలనే చూడాలి. రెండేళ్ళు వచ్చేవరకు ఇలాగే లెక్కిస్తారు.

కొత్త మనిషిని చూసి బిడ్డ బిగుసుకుపోవడం సహజం. ఇంట్లో చేసే పని ఆసుపత్రిలో చేయకపోవచ్చు. ఫోనులో చిన్న వీడియో తీసి తీసుకువెళ్ళండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బిడ్డకు చెడ్డపేరు వస్తుందని "అన్నీ చేస్తాడు" అనకండి. అది తల్లికి పెట్టే పరీక్ష కాదు. ఏ పనికి అవకాశం ఇవ్వలేదో కూడా చెప్పండి.

అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల బొమ్మలు ఉంటాయి. చూసుకుంటూ ఉండండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుండి 18 సంవత్సరాల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అవసరమైనవారిని ముందస్తు చికిత్సా కేంద్రాలకు పంపుతారు. ఆశా కార్యకర్తను గాని, అంగన్‌వాడీ కార్యకర్తను గాని అడగండి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. మన బిడ్డ ఏ పనులు చేయడం లేదు? వాటిలో మనం అవకాశమే ఇవ్వనివి ఏవి? ఈ రోజు నుండి పళ్ళెంలో కాస్త మెత్తటి అన్నం పెట్టి, తనంత తాను తిననిస్తామా? శుభ్రమైన చాప పరిచి నేల మీద వదులుతామా?
2. రోజుకు ఎంతసేపు బిడ్డ ముఖంలోకి చూస్తూ మాట్లాడుతున్నాం? ఎంతసేపు ఫోను చేతికిస్తున్నాం?
3. మనం బిడ్డను పక్కింటి బిడ్డతో పోలుస్తున్నామా, పోయిన నెలలోని తనతో పోలుస్తున్నామా?
4. పై తొమ్మిదింటిలో ఏదైనా కనబడితే, ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళదాం? రోజు ఇప్పుడే అనుకోండి.

బిడ్డ నడిచిన నాడు అరిసెలు తప్పక పంచండి. పక్కింటివారి అరిసెల కంటే రెండు నెలలు ఆలస్యమైనా దిగులు పడకండి. పద్దెనిమిది నెలలు నిండినా అరిసెల మాట రాకపోతే మాత్రం, ఇంకో పండుగ వరకు చూద్దామని ఆగకుండా బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి రండి.